ఏడవకపోతే గెలిచినట్టే

అన్న తీసిన వీడియో ఏదో ఒకరోజు తన ముందుకే వచ్చి పడుతుందని చెల్లెలికి తెలుసు. తెలిసినా సరే, ఆ పొద్దున కంప్యూటర్‌లోంచి అన్న గొంతు వినగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"హలో హలో! మా ఛాంపియన్ ఈసారి ఏడుస్తుందా, ఏడవదా? చివరిదాకా చూడండి!"

ఆ ఆఫీసులో పని ఒకటే. జనం ఇంటర్నెట్‌లో పెట్టే వీడియోల్లో పిల్లలు చూడదగ్గవి ఏవో, చూడకూడనివి ఏవో తేల్చడం. ఎవరైనా చూడొచ్చంటే పచ్చ గుర్తు. పెద్దవాళ్ళు పక్కనుంటే చూడొచ్చంటే పసుపు. పిల్లలకు వద్దే వద్దంటే ఎరుపు. చెల్లెలి వంతుకు వచ్చేవన్నీ ఛాలెంజ్ వీడియోలు. చన్నీళ్ళ తొట్టిలో ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారు, గాజు పెట్టెలోంచి ఎవరు ఆఖరున బయటికొస్తారు, నోరు మండుతున్నా నీళ్ళు తాగకుండా ఎవరు ఆగుతారు. జనం కోరి కోరి ఒళ్ళు హూనం చేసుకోవడాన్ని రోజంతా చూసి, సాయంత్రానికి ఆమెకు మనుషుల మొహం చూడబుద్ధయ్యేది కాదు.

అన్న ఒకప్పుడు పెళ్ళి వీడియోలు తీసేవాడు. ఆ పని తగ్గిపోయాక సొంత ఛానెల్ పెట్టుకున్నాడు. మొదట్లో తనే ఏవో పిచ్చి వేషాలు వేశాడు, ఎవరూ చూడలేదు. ఒకరోజు కూతురి ముందు ఉల్లిపాయలు కోసి, "కన్నీళ్ళు రాకుండా ఆపుకో చూద్దాం" అన్నాడు. రెండో తరగతి చదివే ఆ పిల్ల ముక్కు ఎర్రగా చేసుకుని, బుగ్గలు పూరించి, మొత్తానికి ఆపుకుంది. జనం విరగబడి చూశారు. ఆ రోజు నుంచి ఆ పిల్లకు ఇంటా బయటా పేరు ఛాంపియన్. చెల్లెలు ఒక్కతే బంగారం అని పిలిచేది.

"పిల్లని అందులోకి లాగొద్దు అన్నయ్యా" అని అప్పుడే చెప్పింది. "నీ ఆఫీసు బుద్ధులు నీ ఆఫీసులో పెట్టుకో" అన్నాడు అన్న. అప్పటి నుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. మాట్లాడుకుంటే కరుచుకున్నట్టే.

చెల్లెలు వీడియో చూసింది.

మొదట అన్న కూతుర్ని సోఫాలో కూర్చోబెట్టి చెబుతున్నాడు. "ఈ వారంలో ఎప్పుడో ఒకప్పుడు నీకు పరీక్ష వస్తుంది. అది నిజమా, ఆటా అనేది నీకు తెలీదు. ఏం జరిగినా సరే, ఏడవకపోతే గెలిచినట్టే. సరేనా?" పిల్ల తలూపింది. తర్వాత ఇంకో రోజు. వదిన సూట్‌కేసు లాక్కుంటూ గదిలోంచి బయటికి వచ్చింది. "నేను వెళ్ళిపోతున్నాను. ఇక రాను. మీ నాన్నతోనే ఉండు" అంది. పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. తల్లి మొహంలోకి చూసింది. ఆ మొహంలో నవ్వు లేదు. తల్లి వీధి తలుపు దాకా వెళ్తే వెనకాలే పరిగెత్తి వెళ్ళింది. తలుపు ధడాలున మూసుకుంది. పిల్ల కాసేపు తలుపు వైపే తిరిగి నిలబడింది. తర్వాత ఇటు తిరిగి, పెదవులు సాగదీసి నవ్వుతూ, "నేను ఏడవలేదు" అంది. అన్న రంగు కాగితాలు చల్లాడు. వదిన నవ్వుతూ లోపలికొచ్చి కూతుర్ని ఎత్తుకుంది. అంతే వీడియో.

చెల్లెలు లేచి వెళ్ళి హెడ్ మేడమ్ ముందు నిలబడింది. హెడ్ మేడమ్ బళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి ఈ ఆఫీసుకు వచ్చిన మనిషి. గట్టిగా మాట్లాడదు, అలాగని మెత్తని మనిషీ కాదు.

"ఇది మా అన్నయ్యది. నేను గుర్తు వేయకూడదు" అంది చెల్లెలు.

"మంచిపని చేశావు. పక్క సీటుకి ఇచ్చెయ్యి."

పక్క సీటులో ఉన్నతన్ని ఆఫీసులో పచ్చజెండా అంటారు. కొంప అంటుకుంటున్నా, "మంట బాగా కనిపిస్తోంది, పచ్చ" అనే రకం. వీడియో స్పీడు పెంచి చూసి, "ఇందులో ఏముంది? పచ్చ" అన్నాడు.

"ఏముందా? తల్లి వదిలేసి పోతోందని పిల్లకి చెప్పారు. ఏడిస్తే ఓడిపోతావన్నారు. అది నీకు కనిపించలేదా?"

"చివర్లో తల్లి వచ్చేసిందిగా! పిల్ల నవ్వుతోంది. నిప్పు లేదు, కత్తి లేదు, బూతు లేదు. నీకు మీ అన్న మీద కోపం ఉంటే ఇంటికెళ్ళి తేల్చుకో తల్లీ, నా దుంప తెంచకు."

మాట మాట పెరిగింది. చుట్టుపక్కల వాళ్ళు చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి మరీ విన్నారు. చివరికి హెడ్ మేడమ్ ఇద్దర్నీ తన గదిలోకి పిలిచి, తలుపేసి, వీడియో తనే పెట్టింది. అంతా చూసి కళ్ళద్దాలు తీసింది.

"నాకూ నచ్చలేదు. కానీ నాకు నచ్చకపోవడం రూలు కాదు. దెబ్బ తగిలే పని ఉంటే ఎరుపు. భయపెట్టే సీన్లుంటే పసుపు. కాబట్టి పసుపు వేద్దాం. పెద్దవాళ్ళు పక్కనుండి చూపించుకుంటారు."

"పెద్దవాళ్ళు పక్కనుండాలా మేడమ్? ఆ పని చేసిందే పెద్దవాళ్ళు! పిల్ల పక్కన ఇద్దరూ ఉన్నారు, ఒకరు కెమెరా పట్టుకుని, ఒకరు సూట్‌కేసు పట్టుకుని!"

పచ్చజెండా ఫక్కున నవ్వి, మేడమ్ చూపు చూసి దగ్గుగా మార్చేశాడు.

"ఇంకొక్కసారి పెట్టండి. తలుపు దగ్గర నుంచి" అంది చెల్లెలు.

మొదటిసారి ఆమె పిల్ల మొహమే చూసింది. ఈసారి మొహం కనిపించనప్పుడు ఏం చేస్తోందో చూసింది. పిల్ల పరిగెత్తి వెళ్ళి తలుపు చట్రాన్ని పట్టుకుంది. తలుపు పడింది. పడి, గడియ పట్టకుండా కొంచెం వెనక్కి వచ్చింది. పిల్ల భుజాలు ఒక్కసారి చెవుల దాకా లేచాయి. ఎడమ చెయ్యి లాక్కుని చంకలో పెట్టుకుంది. అలాగే నిలబడింది. ఇటు తిరిగి నవ్వినప్పుడూ ఆ చెయ్యి చంకలోనే ఉంది. తల్లి ఎత్తుకున్నప్పుడు కుడిచెయ్యి ఒక్కటే తల్లి మెడ చుట్టూ పడింది.

చెల్లెలు లేచింది. బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. "చలేసి పెట్టుకుందేమో" అని వెనక పచ్చజెండా అనడం వినిపించింది.

ఆ రోజు బడికి సెలవు. అన్న ఇంట్లో హాలు హాలులా లేదు, స్టూడియోలా ఉంది. మూలమూలకీ లైట్ల స్టాండ్లు, నేల మీద వైర్లు, సోఫా కింద ఊడవని రంగు కాగితాలు. పిల్ల సోఫాలో కూర్చుని ట్యాబ్ చూస్తోంది. వదిన డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వీడియో ముక్కలు అతుకుతోంది.

"ఏంటి, ఇన్‌స్పెక్షనా?" అన్నాడు అన్న, తలుపు తీసి దారి ఇవ్వకుండానే.

చెల్లెలు అతని చెయ్యి తోసుకుని లోపలికి వెళ్ళి పిల్ల పక్కన కూర్చుంది. "బంగారం, నీ చెయ్యి చూపించమ్మా."

పిల్ల కుడిచెయ్యి చాపింది.

"రెండోది."

"అది నిద్రపోతోంది అత్తా" అంటూ దిండు కిందికి దూర్చేసింది.

"లేపుదాం."

"వద్దు. నువ్వు ఆట చెడగొట్టకు."

వదిన కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "ఏమిటిది? రావడం రావడం పిల్ల మీద పడ్డావు. వేలు గురించేనా? బళ్ళో బెంచీ కింద పడి నలిగింది. నేనే మందు రాసి కట్టు కట్టాను. తల్లిని నేను, నాకు తెలీదా? నీ కడుపున ఒకళ్ళు పుట్టుంటే తెలిసేది, పిల్లలంటే రోజూ ఏదో ఒక దెబ్బ తగిలించుకుంటారని!"

ఆ మాట చెల్లెలికి తగలాల్సిన చోటే తగిలింది. పిల్లలు లేరని ఆమెను ఎవరెవరో అన్నారు కానీ, వదిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. మింగేసి, దిండు తీసింది. బొమ్మల ప్లాస్టరు విప్పింది. వేలు బొటనవేలంత లావుగా ఉబ్బి ఉంది. గోరు నల్లగా మారి, అంచుల్లో చీము పచ్చగా ఊరుతోంది. విప్పుతున్నంతసేపూ పిల్ల చెయ్యి వణుకుతోంది. మొహంలో మాత్రం చిన్న కదలిక లేదు. ఎదురుగా గోడ వైపు చూస్తూ కూర్చుంది.

"బెంచీ కాదు వదినా. తలుపు. నువ్వు వేసిన తలుపు."

"నోర్ముయ్!" అన్నాడు అన్న.

చెల్లెలు వాళ్ళ ల్యాప్‌టాప్‌లోనే ఆ ముక్క వెతికి పెట్టింది. వదిన నిలబడే చూసింది. తలుపు పడడం, వెనక్కి రావడం, పిల్ల భుజాలు లేవడం. ఈ ముక్కని తనే ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పి కత్తిరించిందో!

పిల్ల సోఫా దిగి పరిగెత్తుకొచ్చి తెరకు అడ్డంగా నిలబడింది. "అమ్మా, నేను ఏడవలేదు. చూడు, ఏడవలేదు కదా!" అని, తండ్రి వైపు తిరిగింది. "అత్తే చెప్పింది నాన్నా, నేను చెప్పలేదు. నేను ఓడిపోయినట్టు కాదుగా?"

అన్న గడ్డం గోక్కున్నాడు. వదిన వైపు చూశాడు, ఆవిడ ఇతని వైపు చూడలేదు.

"కాదమ్మా" అన్నాడు చివరికి. "నువ్వే ఛాంపియన్."

వదిన పిల్లని ఎత్తుకుంది. పర్సు తీసుకుంది. చెప్పులు వేసుకోవడానికి కూడా ఆగకుండా మెట్ల వైపు నడిచింది. చెల్లెలు వెంట వెళ్ళబోతే వెనక్కి తిరిగి, "నువ్వు రానక్కర్లేదు. నీ పని అయిపోయిందిగా" అంది.

అన్నా చెల్లెలూ మిగిలారు.

"తృప్తిగా ఉందా?" అన్నాడు అన్న. "పచ్చటి సంసారంలో నిప్పులు పోశావు. గోరంత దాన్ని కొండంత చేశావు."

"గోరు ఊడిపోతోంది అన్నయ్యా. కొండ చెయ్యక్కర్లేదు, గోరుగానే చూడు చాలు."

"వేలు పడుతుందని నేను కలగన్నానా? పొరపాటున జరిగింది. ఆటంటే దానికి ఇష్టం. మేం బలవంతం చేశామా? అడిగి మరీ చేస్తుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కంద నోరు తెరిస్తే ఓడిపోతుందని చెప్పావుగా నువ్వు!"

అన్న చేతిలో ఉన్న రిమోట్‌ని సోఫా మీదికి విసిరేశాడు. అది ఎగిరి కింద పడి, మూత ఊడి, సెల్లులు దొర్లిపోయాయి. "ప్రపంచం దాన్ని బుజ్జగించదు. రేపు ఎవడో ఏదో అంటాడు, ఏడుస్తూ కూర్చుంటుందా? నన్ను నాన్న ఏడవనిచ్చాడా? ఏడిస్తే ఇంకోటి పడేది. నేనేమన్నా చెడిపోయానా?"

"నాన్న పోయిన రోజు కూడా నువ్వు ఏడవలేదు."

"ఏడవలేదు! అందర్నీ నేనే చూసుకున్నాను. నీకు మంచినీళ్ళు కూడా నేనే తాగించాను."

గర్వంగానే చెప్పాడు. చెల్లెలు ఇంకేదో అనబోయింది. ఆ మొహం చూశాక, చెప్పినా లాభం లేదని తెలిసింది. పన్నెండో ఏట తండ్రి చెయ్యి తగిలి పెదవి చిట్లితే, రక్తం చప్పరిస్తూ గోడ వైపు చూస్తూ కూర్చున్న మొహం అదే.

"ఆ వీడియో తీసెయ్యి" అంది.

"తియ్యను. ఏ రంగు వేస్తావో వేసుకో. కానీ మళ్ళీ ఈ గడప తొక్కకు."

మర్నాడు చెల్లెలు హెడ్ మేడమ్‌కి వేలు సంగతి చెప్పింది. డాక్టరు గోరు తీసేయాల్సి వచ్చిందనీ, ఇంకా ఆలస్యమైతే చీము ఎముకకు పట్టేదనీ అన్న చెబితే విని తన తల్లి ఫోన్లో ఏడుస్తూ, తిడుతూ చెప్పిన మాటలన్నీ చెప్పింది.

"దెబ్బ తగిలిందా? మరింకేం, ఎరుపు" అంది హెడ్ మేడమ్, వెంటనే.

పచ్చజెండా కూడా తలూపాడు. "ఈ వేలు సంగతి ముందే తెలిసుంటే నిన్న అంత గొడవే ఉండేది కాదు."

తను గెలిచింది. అయినా చెల్లెలికి ఒంట్లో రక్తం మరిగిపోయింది.

"అంటే ఆ తలుపు మెల్లగా పడి ఉంటే ఇది పసుపే కదా మేడమ్? వేలు నలగకపోతే, తల్లి పోతోందని నమ్మించి ఏడవొద్దనడం తప్పు కాదన్నమాట."

"తప్పు కాదని నేననలేదు. దానికి మన రూల్లో మాట లేదన్నాను."

"అయితే మాట పెట్టండి."

"నేనొక్కదాన్నీ పెట్టలేను. పైవాళ్ళతో మాట్లాడాలి. మాట్లాడతాను. వాళ్ళు ఒప్పుకుంటారని మాత్రం నా దగ్గర ఆశ పెట్టుకోకు. నాలాంటి వాళ్ళే అక్కడా ఉన్నారు."

ఎరుపు పడింది. కారణం రాసే చోట "గాయం" అని మాత్రమే పడింది.

అన్న ఊరుకునే రకం కాదు. అదే ఆట మళ్ళీ తీయాలనుకున్నాడు. ఈసారి తలుపు లేకుండా, పార్కులో. వదిన సూట్‌కేసుతో గేటు దాటి వెళ్ళిపోతే చాలు, నలగడానికి ఏమీ ఉండదు. ఈ సంగతి చెల్లెలికి వదినే చెప్పింది. ఒక మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో ఉండగా ఫోన్ మోగింది. ఎత్తగానే, "నీతో మాట్లాడాలని చేయలేదు" అంది వదిన.

"చెప్పు."

"మళ్ళీ తీస్తానన్నాడు. నేను రానన్నాను. సూట్‌కేసు అవతల పారేశాను. ఇంట్లో పెద్ద యుద్ధమే అయింది. నీ ఆఫీసుకి భయపడి మానేశాననుకుంటావేమో, అందుకే చెబుతున్నా. నీ మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు."

"నేనేం అనుకోవట్లేదు."

వదిన గొంతు తగ్గించింది.

"నేను తలుపు వేసినప్పుడు ఏదో మెత్తగా తగిలింది" అంది వదిన. "తెలిసింది నాకు. చెప్పు అడ్డం వచ్చిందేమో అనుకున్నా. సీను చెడిపోతుందని ఇంకొంచెం గట్టిగా లాగాను."

చెల్లెలు ప్లేటు పక్కకు నెట్టేసింది.

"ఇది ఇంకెవరికైనా చెప్పావో, నీ సంగతి చూస్తాను" అంది వదిన. అంతలో వెనక నుంచి పిల్ల వచ్చి, "ఎవరమ్మా? అత్తా? ఇటివ్వు!" అంటూ ఫోన్ లాక్కుంది. "నువ్వు నా వీడియో ఎర్రది చేశావు! మా క్లాసులో ఎవరూ చూడలేకపోతున్నారు! నేను గెలిచాను, నువ్వే పాడు చేశావు! నువ్వు చెడ్డదానివి! మా ఇంటికి రాకు!"

"సరే బంగారం."

"బంగారం అనకు! నేను ఛాంపియన్ని!"

అరిచి అరిచి పిల్ల గొంతు బొంగురుపోయింది. వదిన వారించలేదు. చెల్లెలూ ఫోన్ పెట్టలేదు. తిట్టడానికి మాటలు అయిపోయాక పిల్లే పెట్టేసింది.

ఛానెల్లో పిల్ల కనిపించడం మానేసింది. చూసేవాళ్ళు తగ్గారు. తగ్గినకొద్దీ అన్నకు కసి పెరిగింది. కొన్నాళ్ళకు ఒక కొత్త వీడియో పెట్టాడు. అది కూడా తిరిగి తిరిగి ఈ ఆఫీసుకే వచ్చింది. పేరు, "సొంత చెల్లే నా పొట్ట కొట్టింది". లైట్లన్నీ వేసుకుని, సోఫాలో ఒక్కడే కూర్చుని మాట్లాడాడు. పేరు చెప్పలేదు కానీ, ఎక్కడ పని చేస్తుందో చెప్పాడు. చిన్నప్పుడు వీపున మోసి పెంచానన్నాడు. పిల్లలు లేని కడుపుమంటతో తన పిల్ల సంతోషాన్ని కాల్చేసిందన్నాడు. కింద జనం రాసిన మాటలు చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి. ఆమె చచ్చిపోతే బాగుండునని కొందరు రాశారు. ఇంటి అడ్రసు చెప్పమని కొందరు అడిగారు.

పచ్చజెండా అంతా చూసి, హెడ్‌ఫోన్లు మెడలోకి లాక్కుని, కుర్చీ ఇటు తిప్పాడు. "నువ్వు చూశావా?"

"చూశాను. గుర్తు నేను వేయకూడదు. నువ్వే వెయ్యి."

"ఏం వెయ్యమంటావు?"

"రూలు ఏం చెబుతోంది?"

అతను వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పాడు. "బూతు లేదు. దెబ్బ లేదు. అసలు పిల్లలే లేరు ఇందులో." మౌస్ మీద చెయ్యి పెట్టి ఆగాడు. ఆ మనిషి దేనికైనా అంతసేపు ఆగడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. "పసుపు వెయ్యనా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఎందుకు, నా మీద జాలితోనా? అక్కర్లేదు. పచ్చ వెయ్యి."

వేశాడు.

చెల్లెలు తన కుర్చీ దగ్గరికి జరుపుకుని తర్వాతి వీడియో తెరిచింది. ఎవరో ఇద్దరు అన్నదమ్ములు ఐసుగడ్డల మీద చెప్పులు లేకుండా నిలబడ్డారు, ఎవరు ముందు దిగుతారో చూద్దామని. చిన్నవాడు కెమెరాను చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆమె వాడి మొహం వదిలేసి, కాళ్ళ వైపు చూడడం మొదలుపెట్టింది.